మంచినీటి లింపెట్‌ను పెరికివేయకుండా వెదకి, చూసి, పెంచే పద్ధతి

మడుగులో మునిగి నానిన ఆకును తిరగేసినప్పుడు దాని అడుగువైపు నువ్వుగింజంత బొడిపె ఒకటి అంటుకొని కనిపిస్తే, మట్టి మరక అనుకొని వేలితో తుడిచివేయవద్దు. అది ప్రాణమున్న నత్త కావచ్చు. మామూలు నత్తలకు ఉండే చుట్టల పెంకు దీనికి ఉండదు. బోర్లించిన చిన్న దోనెలాంటి పలుచని పెంకును వీపున మోస్తూ, రాతినో ఆకునో కరుచుకొని, దాని మీది జిగురుపొరను గీకి తింటూ బతుకుతుంది. ఇలాంటి పెంకున్న నత్తలను లింపెట్లు అంటారు. సముద్రపు రాళ్ళకు అంటుకొని ఉండే లింపెట్లను చూసినవారు చాలామందే ఉంటారు గాని, మంచినీటిలోనూ లింపెట్లు ఉన్నాయని తెలిసినవారు తక్కువ. పెంకు ఆకారం ఒకటే అయినా ఈ రెండింటికీ దగ్గరి చుట్టరికం లేదు. మంచినీటి లింపెట్లు గాలి పీల్చే నత్తల వంశానికి చెందినవి.

ఈ వ్యాసంలో చెప్పబోయేది ముఖ్యంగా ఫెర్రిస్సియా అనే ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు, గురించి. అమెరికాకు చెందిన నత్తల శాస్త్రజ్ఞుడు బ్రయంట్ వాకర్ 1903లో ఈ ప్రజాతికి పేరు పెట్టాడు. తన సమకాలికుడు, నత్తల సేకర్త అయిన జేమ్స్ ఫెర్రిస్ గౌరవార్థం పెట్టిన పేరు అది. దీని జాతులు సాధారణంగా 3 నుంచి 5 మిల్లీమీటర్ల పొడవుకు మించవు. ఒకప్పుడు వీటిని ఆన్సైలిడే అనే ప్రత్యేక కుటుంబంలో ఉంచేవారు. ఇప్పుడు అక్వేరియంలు పెంచేవారికి బాగా తెలిసిన రామ్‌స్‌హార్న్ నత్తల కుటుంబమైన ప్లనార్బిడేలో చేర్చుతున్నారు. చదునుగా చుట్ట చుట్టుకునే నత్తల కుటుంబంలో చుట్టే లేని ఈ నత్త ఉండటం వింతగా తోచవచ్చు గాని, దాని శరీర నిర్మాణాన్ని చూసినా డి.ఎన్.ఎ.ను చూసినా అదే సరైన చోటు.

మొదలుపెట్టే ముందు ఒక మాట మనసులో ఉంచుకోవాలి. ఈ నత్త గురించి తెలుసుకోదగిన విషయాల్లో చాలా భాగం అది అంటుకున్న చోటనే, బతికి ఉండగానే తెలుస్తుంది. పెరికితే పెంకు అంచు చిట్లుతుంది, పాదం చినుగుతుంది, అది ఏ వైపు తిరిగి ఏమి తింటున్నదో తెలియకుండా పోతుంది. నేను మొదటిసారి దొరికిన నాలుగింటిని గోటితో లేపబోయి నాలుగింటినీ పాడుచేశాను. అవి ఎండిపోయిన ఉల్లిపొర ముక్కల్లా వేలికి అంటుకొని మిగిలాయి. అందుకే కింద చెప్పే ప్రతి పనిలోనూ, నత్తను కాక నత్త ఉన్న ఆకునో రాతినో కదిలించడమే పద్ధతిగా పెట్టుకున్నాను.

ఎక్కడ వెదకాలన్నది తెలిస్తే సగం పని అయినట్లే. నీటిలో నత్త కోసం చూడవద్దు, నత్త అంటుకోవడానికి అనువైన నునుపైన తలం కోసం చూడండి. నెమ్మదిగా పారే కాలువలు, చెరువుల అంచులు, నిలవనీటి మడుగులు ఫెర్రిస్సియా జాతుల్లో చాలావాటికి ఇష్టమైన చోట్లు. కొన్ని జాతులు పారే నీటిలోని రాళ్ళ మీద ఉంటాయి. నీటిలో పడి కొంతకాలం నానిన వెడల్పాటి ఆకులు, జమ్ము కాడల కింది భాగం, తామరాకుల అడుగు, మునిగిన కొమ్మలు, ఖాళీ ఆల్చిప్పలు, చివరికి నీటిలో పడి ఉన్న గాజుసీసాలు, ప్లాస్టిక్ ముక్కలు కూడా తిరగేసి చూడాలి. మెత్తటి బురద మీద ఇవి ఉండవు, ఎందుకంటే పాదం ఆనడానికి గట్టి చోటు కావాలి. తాజాగా రాలిన ఆకు మీద కూడా అరుదే. దాని మీద తినదగిన పొర ఇంకా పేరుకొని ఉండదు. బాగా కుళ్ళి ముట్టుకుంటే చీలిపోయే ఆకు కూడా పనికిరాదు. చేతికి జారుడుగా తగిలే, ఈనెలు ఇంకా గట్టిగా ఉన్న గోధుమరంగు ఆకు అన్నింటికన్నా మంచిది.

నీటిలోకి చేయి పెట్టేముందు ఆరోగ్యం సంగతి ఆలోచించాలి. మంచినీటి నత్తలు కొన్ని పరాన్నజీవులకు, ముఖ్యంగా ట్రెమటోడ్‌లనే చదును పురుగులకు, మధ్యస్థ ఆతిథేయులుగా ఉంటాయి, అంటే ఆ పురుగుల పిల్లదశలు వీటి ఒంట్లో పెరుగుతాయి. మహారాష్ట్రలోని గింవి గ్రామంలో మనుషులకు సోకిన షిస్టోసోమా అనే ట్రెమటోడ్ వ్యాధిని పరిశోధకులు గాడ్గిల్, షా 1952లో వెల్లడించారు. అక్కడ ఆ పరాన్నజీవిని మోసే నత్తగా అనుమానించింది ఫెర్రిస్సియా టెన్యుయిస్ అనే జాతినే. కాబట్టి మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చేతికి తొడుగులు వాడటం, పని ముగిశాక సబ్బుతో కడుక్కోవడం తప్పనిసరి. ఈత కొట్టే నీటిలోనైనా సరే, ఒంటి మీద గాయాలుంటే దిగకపోవడం మేలు.

తీసిన ఆకును తెల్లటి పళ్ళెంలో పరచి, అది మునిగేటంత నీరు మాత్రమే పోయాలి. పైన ఉన్న ఒండ్రును చేత్తో రుద్దకూడదు. డ్రాపర్‌తో నీటిని మెల్లగా చిమ్మి కడగాలి. తరువాత టార్చి వెలుగును నిటారుగా కాకుండా పక్కనుంచి, దాదాపు ఆకుకు సమాంతరంగా పడేటట్లు పట్టుకోవాలి. నిటారు వెలుగులో ఆకు రంగులో కలిసిపోయే పెంకు, పక్క వెలుగులో చిన్న నీడ వేస్తుంది. కంటికి మొదట ఆ నీడే పడుతుంది, ఆ తరువాతే నత్త. ఒకటి దొరికాక కన్ను అలవాటు పడుతుంది. అంతకుముందు ఖాళీగా కనిపించిన ఆకు మీదే మరో నాలుగైదు బయటపడతాయి. దొరికిన వెంటనే నోటు పుస్తకంలో తేదీ, చోటు, నీటి లోతు, ఏ తలం మీద ఉన్నది, పైవైపా అడుగువైపా అన్నవి రాసుకోవాలి. ఇంటికి వచ్చాక రాసుకుందామనుకుంటే మొదట మరిచిపోయేది పైవైపా అడుగువైపా అన్నదే.

ఇంటికి తీసుకొచ్చేటప్పుడు చాలామంది చేసే పొరపాటు సీసాను మూత దాకా నీటితో నింపడం. గాలి పీల్చే నత్తల వంశమని చెప్పుకున్నా, ఈ లింపెట్లకు పనిచేసే ఊపిరితిత్తి మిగలలేదు. శరీరం ఎడమవైపున ఉండే పలుచని చర్మపు మడత, మిగిలిన మెత్తని చర్మం, ఈ రెండింటి ద్వారానే అవి నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను తీసుకుంటాయి. చెరువునత్తలా నీటి పైకి వచ్చి గాలి బుడగను నింపుకొని వెళ్ళడం వీటికి లేదు. అందుకని నీటిలో ఆక్సిజన్ తగ్గితే వీటికి ముందుగా ముప్పు వస్తుంది. వెడల్పాటి డబ్బాలో ఆకుతో పాటు ఒకటి రెండు సెంటీమీటర్ల నీరు పోసి, పైన గాలికి చోటు విడిచి, ఎండ తగలకుండా తేవాలి. కుళ్ళుతున్న ఆకులను ఎక్కువగా కుక్కితే అవే ఆక్సిజన్‌ను లాగేస్తాయి. ఒక డబ్బాకు ఒకటి రెండు ఆకులు చాలు.

ఇక అసలైన ఆనందం గాజు మీద ఉంది. నత్త ఉన్న ఆకు ముక్కను కత్తెరతో చుట్టూ కత్తిరించి, శుభ్రమైన గాజు పళ్ళెంలో నీరు పోసి, పళ్ళెం కదలని చోట రాత్రంతా విడిచిపెట్టాలి. ఆకును నత్త ఉన్న వైపు గాజుకు తగిలేటట్లు వాల్చి ఉంచితే, తెల్లవారేసరికి అది తనంతట తాను గాజు మీదికి పాకి ఉంటుంది. తప్పనిసరిగా చేత్తో మార్చవలసి వస్తే, అది పెంకును కొంచెం ఎత్తి నడుస్తున్న సమయం చూసి, మెత్తని సన్నని కుంచె కొనను పక్కనుంచి ఒక్క కదలికలో పాదం కిందికి జార్చాలి. మొదటి ప్రయత్నంలో తప్పితే వెంటనే రెండోసారి ప్రయత్నించకూడదు. అప్పటికే పెంకును బిగించి ఉంటుంది. పది నిమిషాలు ఆగాలి.

గాజు మీదికి వచ్చిన నత్తను పళ్ళెం అడుగునుంచి పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో చూడండి. పాదం పాలరంగు అండాకారంగా, దాదాపు పెంకు అంచు దాకా పరుచుకొని ఉంటుంది. దాని ముందు తల, తలకు రెండు పక్కల పొట్టి స్పర్శశృంగాలు, వాటి మొదట్లో లోపలివైపున రెండు నల్లటి చుక్కల్లా కళ్ళు. తల మధ్యలో నోరు తెరుచుకొని, రాడ్యులా అనే పళ్ళ పట్టీ నాలుకలా బయటికి వచ్చి గాజును ఒకసారి గీకి లోపలికి పోతుంది. కొద్దిగా ముందుకు జరిగి, తల వాల్చి, మళ్ళీ గీకుతుంది. పళ్ళెం గోడకు పచ్చటి పొర పట్టి ఉంటే, నత్త నడిచిన దారిలో ఆ పొర మీద శుభ్రమైన చిన్న చిన్న గీతలు వరుసగా మిగిలిపోతాయి. వాటిని చూసే అది రాత్రి ఎటు తిరిగిందో చెప్పవచ్చు. పెంకు ఇంకా పలుచగా ఉండే పిల్లనత్తల్లో, కిందినుంచి దీపం పెట్టి పైనుంచి చూస్తే పెంకు గుండానే గుండె కొట్టుకోవడం కూడా కనిపిస్తుంది. ఆ కదలికను మొదటిసారి చూసిన రోజు నేను ఇంకే పనీ చేయలేదు.

పోల్చుకోవడానికి ముందుగా పెంకు శిఖరాన్ని, అంటే దోనె మొనలా లేచి ఉన్న భాగాన్ని, చూడాలి. నత్త తల మీకు దూరంగా, ముందుకు ఉండేటట్లు పెట్టుకొని పైనుంచి చూస్తే, ఫెర్రిస్సియాలో శిఖరం మధ్య గీతకు వెనుకగా, కుడివైపుకు ఒరిగి ఉంటుంది. ఎడమవైపుకు ఒరిగి ఉంటే అది ఆక్రోలాక్సస్ అనే వేరే కుటుంబపు లింపెట్. దాని శరీరంలోని అవయవాల అమరిక కూడా అద్దంలో చూసినట్లు తారుమారుగా ఉంటుంది. గాజు కిందినుంచి చూస్తూ కుడి ఎడమలు నిర్ణయించకూడదు. అలా చూస్తే రెండూ మారిపోతాయి. ఈ ఒక్క పొరపాటుతో సరైన నత్తను తప్పు కుటుంబంలో పెట్టినవారిని నేను చూశాను. అందుకే పరిశీలించిన ప్రతిసారీ బొమ్మ గీసి, తల ఎటు ఉందో బాణం గుర్తుతో చూపడం అలవాటు చేసుకోవాలి.

తరువాత శిఖరం మీది గీతలు. మైక్రోస్కోపు కింద వెలుగును పక్కనుంచి పెట్టి చూస్తే ఫెర్రిస్సియా శిఖరం నుంచి నలువైపులకూ సన్నని రేఖలు గొడుగు ఊచల్లా చిమ్మి ఉంటాయి. ఉత్తర అమెరికాలో దీనితో పాటే కనిపించే లీవాపెక్స్ ప్రజాతిలో శిఖరం నునుపుగా ఉంటుంది. ఆ పేరుకు అర్థం కూడా నునుపైన శిఖరమనే. ముసలి నత్తల్లో శిఖరం అరిగిపోయి లేదా నాచు పట్టి గీతలు కనిపించవు. అలాంటప్పుడు అదే చోట దొరికిన పిల్లనత్తను చూడాలి. ఐరోపాలోని వేగంగా పారే ఏరుల రాళ్ళ మీద ఉండే ఆన్సైలస్ ఫ్లూవియాటిలిస్ వీటికన్నా పెద్దది, ఎత్తైనది. దాని శిఖరం వెనక్కి వంగిన టోపీ కొనలా ఉంటుంది. గ్రీకులో వంకర అనే అర్థమున్న మాట నుంచే ఆన్సైలస్ అన్న పేరు వచ్చింది. మంచుయుగం ముగిశాక బాల్టిక్ సముద్రం కొన్ని వందల ఏళ్ళు మంచినీటి సరస్సుగా ఉండిన దశకు భూగర్భ శాస్త్రజ్ఞులు ఆన్సైలస్ సరస్సు అని పేరు పెట్టింది, దాని మట్టి పొరల్లో దొరికిన ఈ పెంకులను చూసే.

కొలతలు తీసుకోవడానికి మిల్లీమీటరు గళ్ళ గ్రాఫ్ కాగితాన్ని గాజు పళ్ళెం కింద పెడితే చాలు, నత్తను ముట్టుకోనక్కరలేదు. పొడవు, వెడల్పు గళ్ళను లెక్కపెట్టి రాసుకోవచ్చు. ఎత్తు కోసం పళ్ళెం పక్క గోడ మీదికి అది పాకే దాకా ఆగాలి.

ఇంతవరకు ప్రజాతిని నమ్మకంగా చెప్పవచ్చు. జాతి పేరు దగ్గర మాత్రం తొందరపడవద్దు. ఈ నత్త పెంకు నీటి వేగాన్ని బట్టి, అంటుకున్న తలాన్ని బట్టి మారుతుంది. సన్నని కాడ మీద పెరిగినది ఇరుకుగా, పొడవుగా ఉంటుంది. వెడల్పాటి ఆకు మీద పెరిగినది గుండ్రంగా పరుచుకుంటుంది. ఆ తేడాలను నమ్మి ఒకే జాతికి ఎన్నో పేర్లు పెట్టిన చరిత్ర ఈ ప్రజాతికి ఉంది. ఐరోపాలో ఫెర్రిస్సియా వాటియెరి, ఫెర్రిస్సియా క్లెస్సినియానా అన్న పేర్లతో పిలిచినవి నిజానికి ఉత్తర అమెరికా నుంచి వచ్చి చేరిన జాతికి చెందినవని 2006లో మైటోకాండ్రియా డి.ఎన్.ఎ. పరిశీలన తేల్చింది. నీటిమొక్కలతో పాటు ఎవరి కంటా పడకుండా ఖండాలు దాటిన ఈ నత్తను ఇప్పుడు ఫెర్రిస్సియా కాలిఫోర్నికా అంటున్నారు. అందుచేత మీ నోటు పుస్తకంలో ప్రజాతి పేరు రాసి, జాతి చోటు ఖాళీగా ఉంచడం చిన్నతనమేమీ కాదు. ఊహతో పెట్టిన పేరుకన్నా ఖాళీ చోటు తరువాతివారికి ఎక్కువ ఉపకరిస్తుంది.

పెంచదలచినవారికి లోతు లేని వెడల్పాటి గాజు పళ్ళెం చాలు. నత్తలు దొరికిన చోటి నీటినే వాడటం అన్నింటికన్నా మంచిది. కుళాయి నీరు వాడితే క్లోరిన్ పోవడానికి ఒక రోజు తెరిచి ఉంచాలి. క్లోరమైన్ కలిపిన నీటికి అది చాలదు, దానిని విరిచే మందు కలపాలి. రాగి పాత్రలు, రాగి ఉన్న చేపల మందులు దగ్గరికి రానివ్వకూడదు. నత్తలకు రాగి చాలా తక్కువ మోతాదులోనే విషం. ఆహారంగా కూరగాయ ముక్కలు వేయడం వృథా, పైగా నీరు చెడుతుంది. దానికి బదులు రెండు వారాల ముందే మరో పాత్రలో నునుపైన గులకరాళ్ళు, నానిన ఆకులు వేసి కిటికీ దగ్గర వెలుతురులో ఉంచితే, వాటి మీద డయాటమ్‌లు అనే కంటికి కనబడని ఏకకణ జీవులు, నాచు కలిసిన గోధుమరంగు పొర పడుతుంది. ఆ రాళ్ళనే ఒకటి తరువాత ఒకటిగా నత్తల పళ్ళెంలోకి మార్చుతూ ఉండాలి. పోగుల్లా సాగే పచ్చనాచు వీటికి ఆహారం కాదు, అడ్డంకి. పెంకుకు కాల్షియం కోసం శుభ్రంగా కడిగిన కోడిగుడ్డు పెంకు ముక్క ఒకటి వేయవచ్చు. మూడు నాలుగు రోజులకు ఒకసారి మూడో వంతు నీటిని మార్చాలి. పారబోసే నీటిని ముందుగా తెల్లటి పళ్ళెంలో పోసి భూతద్దంతో చూడటం మరవద్దు. జలగలను, తూనీగ పిల్లపురుగులను పళ్ళెంలో ఉంచకూడదు.

నీరు వెచ్చగా, ఆహారం సమృద్ధిగా ఉంటే కొద్ది వారాల్లో గాజు మీద పారదర్శకమైన చిన్న బిళ్ళలు కనిపిస్తాయి. అవే గుడ్ల సంచులు. ఒక్కొక్క దానిలో జాతిని బట్టి ఒకటి గాని, కొన్ని గాని గుడ్లు ఉంటాయి. లోపల పిండం నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతూ ఉండటం భూతద్దానికే కనిపిస్తుంది. ఈదే డింభక దశ వీటికి లేదు. వెచ్చదనాన్ని బట్టి ఒకటి రెండు వారాలకు, పెద్దదాని రూపులోనే ఉన్న బుల్లి లింపెట్ బిళ్ళను చీల్చుకొని వస్తుంది. అప్పుడు దానిని సంచి అంటుకున్న గాజు ముక్కతో సహా విడి పళ్ళెంలోకి మార్చి, వేరే నత్త తోడు లేకుండా ఒంటరిగా పెంచి చూడండి. అదీ పెరిగి గుడ్లు పెడుతుంది, వాటినుంచి పిల్లలూ వస్తాయి. ఇవి ఉభయలింగులు కావడమే కాక తమను తామే ఫలదీకరించుకోగలవు. కొత్త చెరువులోకి చేరిన ఒక్క నత్త నుంచి ఒక సంతతి మొత్తం ఎలా పుడుతుందో చెప్పడానికి ఇంతకన్నా సులువైన ప్రయోగం లేదు. ఆ ఒక్క నత్త అక్కడికి ఎలా చేరుతుందన్న ప్రశ్నకు ఒక జవాబు 1859లోనే అచ్చయింది. ఆన్సైలస్ గట్టిగా అంటుకొని ఉన్న డైటిస్కస్ అనే నీటిపురుగు ఒకటి పట్టుబడిందని భూగర్భ శాస్త్రజ్ఞుడు లైయెల్ తనకు చెప్పినట్లు డార్విన్ రాశాడు. ఆ పురుగులు ఒక నీటినుంచి మరో నీటికి ఎగురుతాయి.

ఇదే కారణంగా పెంచిన నత్తలను గాని, పళ్ళెంలోని నీటిని, ఆకులను గాని అవి దొరకని మరో చెరువులోనో కాలువలోనో వదలకూడదు. ఒక్క గుడ్ల సంచి చాలు. వాడేసిన ఆకులను పూర్తిగా ఎండబెట్టాలి, నీటిని మరిగించి పారబోయాలి.

మడుగులు ఎండే కాలంలో వెదికేవారు ఇంకొకటి చూడవచ్చు. నిలవనీటిలో బతికే కొన్ని జాతులు, నీరు తగ్గుతున్నప్పుడు పెంకు లోపలివైపు వెనుకనుంచి ముందుకు ఒక అడ్డపలకను పెంచుకుంటాయి. దానితో అడుగు ద్వారం చాలా భాగం మూతపడి ముందువైపు చిన్న సందు మాత్రమే మిగులుతుంది. తడి పోకుండా ఆ చిన్న గదిలో నత్త ముడుచుకొని వానల దాకా గడుపుతుంది. మళ్ళీ నీరు వచ్చాక పెంకు చుట్టూ కొత్తగా వెడల్పాటి అంచు పెరుగుతుంది. పాత చిన్న పెంకు దాని మీద టోపీలా నిలిచిపోతుంది. అడ్డపలక ఉన్న ఇలాంటి పెంకును క్యూబా నుంచి అందుకున్న జర్మన్ నత్తల శాస్త్రజ్ఞుడు ఫైఫర్ 1849లో దానికి గుండ్లాకియా అని వేరే ప్రజాతి పేరు పెట్టాడు. ఆ తరువాత ఎక్కడ అడ్డపలక కనిపించినా అందులోనే చేర్చుతూ పోయారు. నత్త కరువులో చేసుకున్న ఏర్పాటు కొన్ని సందర్భాల్లో శాస్త్రంలో కొత్త ప్రజాతిగా లెక్కకు వచ్చిందన్నమాట. ఎండిన మడుగు అడుగున ఆకులను పొరలు పొరలుగా విప్పి, టోపీ పెంకులు దొరికితే వాటిని వెల్లకిలా తిప్పి ఆ సందును వెదకాలి.

నమూనాగా భద్రపరచవలసి వస్తే రెండు మూడింటికి మించి తీసుకోవద్దు. నత్త ఉన్న కొద్దిపాటి నీటి మీద మెంథాల్ పలుకులు చల్లి, తాకినా ముడుచుకోని స్థితికి వచ్చేదాకా కొన్ని గంటలు ఆగి, అప్పుడు 95 శాతం ఇథనాల్‌లోకి మార్చాలి. మెంథాల్ లేకుండా నేరుగా వేస్తే పాదం ముడుచుకుపోయి శరీరం పరిశీలనకు పనికిరాదు. ఫార్మలిన్ వాడకూడదు. అది డి.ఎన్.ఎ.ను పాడుచేస్తుంది, ఆమ్లంగా మారితే ఇంత పలుచని పెంకును కరిగించివేస్తుంది కూడా. చీటీని పెన్సిల్‌తో రాసి సీసా లోపలే, ద్రవంలోనే ఉంచాలి. సీసా మీద అతికించిన చీటీ ఊడిపోతుంది, సిరాతో రాసినది ఇథనాల్‌లో కరిగిపోతుంది. తేదీ, చోటు, లోతు, సేకరించినవారి పేరు రాశాక, కింద ఇంకొక వరుసలో ఏ ఆకు, లేదా ఏ రాయి, దాని ఏ వైపు అన్నది కూడా రాయాలి. వీలైతే నత్త అంటుకొని ఉండిన ఆకు ముక్కను కూడా అదే సీసాలో వేయాలి.